స్పామ్ జల్లెడకు వచ్చు సంతకపు కట్టలు : ఒక విమర్శ

2010 వ సంవత్సరము జనవరి 1 వ తేదీన ప్రపంచములోని అనేక ఈ-మెయిలు సర్వర్లు ఒక వింత పొరపాటు చేసినవి. ఆనాడు బయలుదేరిన జాబులలో ఏ దోషమును లేనివి కూడ వాటికి అనుమానాస్పదములుగా తోచినవి. కారణము వెదుకగా తేలినది ఇది. ‘స్పామ్ అస్సాసిన్’ అను ప్రసిద్ధమైన జల్లెడలో ఒక నియమ ముండెను. జాబుపై నున్న తేది మరీ భవిష్యత్తునకు చెందినదైనచో దానిని శంకింపుమని ఆ నియమము చెప్పును. తమ జాబు పెట్టెలో అన్నిటికంటె పైన కనబడవలెనని స్పామ్ పంపువారు తేదిని ముందునకు జరుపుట కద్దు. కావున నియమములో తర్కము లేకపోలేదు. అయితే దానిని వ్రాసినవారు భవిష్యత్తనగా 2010 మొదలుకొని అని గీత గీసిరి. వ్రాసిన నాడు 2010 దూరముగనే యుండెను. 3.2.0 నుండి 3.2.5 వరకు గల కూర్పులలో ఆ గీత అట్లే నిలిచిపోయినది. కాలము మాత్రము నిలువలేదు.

ఆ జల్లెడ పనిచేయు తీరు ఉపాధ్యాయులు జవాబుపత్రములు దిద్దు తీరును పోలియుండును. ఒక్కొక్క నియమమునకు కొన్ని మార్కులు. జాబు ఏయే నియమములకు చిక్కినదో చూచి ఆ మార్కులన్నిటిని కూడుదురు. మొత్తము 5 కు చేరినచో అది స్పామ్ అని తీర్పు. (సర్వరు నిర్వాహకుడు ఈ హద్దును మార్చుకొనవచ్చును, మార్చనిచో 5 గానే యుండును.) ఇచ్చట ఎక్కువ మార్కులు వచ్చుట ఉత్తీర్ణత కాదు, నేరస్థాపన! పైన చెప్పిన తేది నియమ మొక్కటే 3.6 వరకు మార్కులు వేయగలదు. తక్కిన 1.4 మార్కులు సాధువైన జాబునకు కూడ ఎచ్చటనో ఒకచోట వచ్చి పడవచ్చును. బొమ్మలు ఎక్కువై మాటలు తక్కువగుట వంటి చిన్న చిన్న కారణములకు కూడ ఈ జల్లెడ కొంత వడ్డించును. అట్లు హద్దు దాటిన జాబు ఉద్యోగపు పిలుపు కావచ్చును, కళాశాల ప్రవేశమును గూర్చిన కబురు కావచ్చును. స్పామ్ సంచిలో పడిన దానిని ఎవరు తెరచి చూతురు?

సవరణ ఆ దినముననే వెలువడినది. నిర్వాహకులు ‘ఎస్ఏ-అప్‌డేట్’ అను చిన్న ప్రోగ్రామును నడిపినచో దిద్దిన నియమము వచ్చి చేరునని, లేదా తమ సర్వరులో ఆ నియమమునకు సున్న మార్కులని ఒక పంక్తి వ్రాసికొనినను చాలునని ప్రకటించిరి.

ఈ కథలో మోసగాడు లేడు. తప్పు నియమమును చేర్చినవారును, దానిని దిద్దినవారును ఒక్కరే. రెంటిమీదను వారి సంతకమే. ఆ సంతకమును శ్రద్ధగా పరీక్షించిన నిర్వాహకునకు రెండు పర్యాయములును ‘సరిపోయినది’ అను సమాధానమే వచ్చియుండును. అట్లయినచో నియమములపై సంతకమును సరిచూచుట యనగా దేనిని సరిచూచుట? ఎస్ఏ-అప్‌డేట్ పద్ధతిని మెచ్చుకొనువారును, తీసిపారవేయువారును ఈ ప్రశ్నను దాటవేయుచున్నారు.

మొదట ఈ నియమములు నడచివచ్చు దారిని చూడవలెను. స్పామ్ పంపువారు నిత్యము వేషము మార్చుచుందురు. నిరుడు పట్టిన వల ఏడాది తిరుగునప్పటికి చినుగును. కావున జల్లెడ ప్రోగ్రామును మార్చకయే దాని నియమములను, మార్కులను మాత్రము తరచుగా క్రొత్తవి చేయవలసి యుండును. ఎస్ఏ-అప్‌డేట్ చేయు పని ఇదియే. అది మొదట ఇంటర్నెట్టులోని చిరునామాల పట్టికయగు డీఎన్ఎస్‌ను ఒక ప్రశ్న అడుగును. ప్రోగ్రాము కూర్పు 3.4.2 అయినచో ఆ అంకెలను తలక్రిందులుగా 2.4.3 అని వ్రాసి, దానిని నియమముల చిరునామాకు ముందు తగిలించి అడుగును. సమాధానముగా ఒక సంఖ్య వచ్చును. తన వద్దనున్న సంఖ్యకంటె అది పెద్దదైనచో క్రొత్త కట్ట వచ్చినదని అర్థము. అప్పుడు ఒకే కట్టకు నకళ్లు ఉంచుకొనిన అనేక ప్రతిబింబ కేంద్రములలో ఒకదానిని ఎన్నుకొని కట్టను, దాని సారసంఖ్యలను, దాని సంతకమును తెచ్చుకొనును. సంతకము సరిపోయిన పిమ్మట నియమముల వ్యాకరణము సరిగా నున్నదో లేదో ఒకమారు పరీక్షించి, అటు పిమ్మటనే అమలులో పెట్టును.

పదవ తరగతి పరీక్షలు నడిపిన ఉపాధ్యాయులకు ఈ ఏర్పాటు క్రొత్తగా తోచదు. ప్రశ్నపత్రముల కట్టలు సీలుతో పోలీసు స్టేషనుకు చేరి, అచ్చటినుండి పరీక్షా కేంద్రమునకు వచ్చును. చీఫ్ సూపరింటెండెంటు, డిపార్టుమెంటల్ ఆఫీసరు సీలు చెక్కుచెదరలేదని చూచుకొని కట్ట విప్పుదురు. దారిలో కట్టను మోసినవారిని నమ్మనక్కరలేదు. సీలును నమ్మినచో చాలును. ప్రతిబింబ కేంద్రములును అట్టి మోతగాండ్రే. వాటిలో ఒకటి దొంగల చేత బడినను సంతకము లేని కట్టను అవి చెల్లింపలేవు.

లక్క సీలుకు బదులుగా ఇచ్చట గణితము పనిచేయును. సంఖ్యలతో సంతకము చేయవచ్చునను ఊహను 1976 లో డిఫీ, హెల్మన్‌లు వెల్లడింపగా, దానికి ఆచరణయోగ్యమైన మార్గమును 1977 లో రివెస్ట్, షమీర్, ఏడిల్మన్ అను మువ్వురు కనిపెట్టిరి. విద్యార్థులు చిన్న సంఖ్యలతో దీనిని స్వయముగా చేసి చూడవచ్చును. 33 అను సంఖ్యను, 3 అను బహిరంగ కీని లోకమునకెల్ల ప్రకటింతురు. 7 అను రహస్య కీని దాచుకొందురు. నియమముల కట్టనంతటిని ఒక నిర్ణీత పద్ధతిలో నలిపి చిన్న సంఖ్యగా మార్చుదురు; ఇదియే సారసంఖ్య, హాష్ అనియు అందురు. అది 5 అనుకొందము. సంతకము చేయుట యనగా 5 ను 7 వ ఘాతమునకు ఎత్తి 33 చే భాగింపగా మిగిలిన శేషమును చెప్పుట. 5 యొక్క 7 వ ఘాతము 78,125, శేషము 14. ఈ 14 యే సంతకము. దానిని పరీక్షించువాడు 14 ను 3 వ ఘాతమునకు ఎత్తును: 2,744, దానిని 33 చే భాగింపగా శేషము 5. తాను స్వయముగా నలిపిన కట్టనుండియు 5 వచ్చినచో సంతకము సరిపోయినట్లు. దారిలో ఎవరైన కట్టను మార్చియుండిన సారసంఖ్య 6 గానో 20 గానో మారిపోవును, సంతకము మాత్రము 5 అనియే చెప్పుచుండును. 33 ను చూచి దాని కారణాంకములు 3, 11 అని కనుగొనగలవాడు రహస్య కీని కూడ లెక్కకట్టగలడు. అందుకనియే వాస్తవములో 2048 బిట్ల సంఖ్యలు, అనగా 617 అంకెలవి, లేదా అంతకు మించినవి వాడుదురు.

సారసంఖ్య వేరు, సంతకము వేరు. ఈ భేదమును మరచుటవలన చాల అనర్థము జరుగుచున్నది. కట్ట ప్రక్కనే దాని సారసంఖ్యను వ్రాసి యుంచినచో, దారిలో బిట్లు చెడిపోయిన సంగతి తెలియును. అంతే. కట్టను మార్చగలిగిన దొంగకు ప్రక్కనున్న సంఖ్యను మార్చుట ఏమి కష్టము? ఎస్ఏ-అప్‌డేట్‌లో సంతకపరీక్షను మాన్పించు మీట ఒకటి ఉన్నది. ఆ మీటను వాడుట ప్రమాదమనియు, సారసంఖ్యలు కట్ట చెడిపోయినదా యని మాత్రమే చెప్పునుగాని అది అసలైనదా యని చెప్పవనియు ప్రోగ్రాముతో వచ్చు వివరణపత్రమే హెచ్చరించుచున్నది. అయినను ‘కీ కనబడలేదు’ అను ఫిర్యాదు తెరమీద కనబడగానే ఆ మీట నొక్కి పని కానిచ్చు నిర్వాహకుడు, తాళము తిరుగుట లేదని తలుపు గడియయే ఊడదీసినవానితో సమానుడు.

సారసంఖ్యలలో కూడ ముదిమి వచ్చినవి ఉన్నవి. ఎస్ఏ-అప్‌డేట్ చిరకాలము షా-1 అను 160 బిట్ల సారసంఖ్యను వాడెను. దానిలో బలహీనత కలదని 2005 లోనే చైనా గణితవేత్త వాంగ్ షియావ్‌యున్, ఆమె సహచరులు చూపిరి. 2017 లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ సంస్థవారును, గూగుల్ వారును కలసి ఒకే షా-1 సంఖ్య గల రెండు వేర్వేరు పత్రములను తయారుచేసి ప్రదర్శించిరి. నిష్పక్షపాతముగా చెప్పవలెననిన, రెండు పత్రములను తామే సృష్టించి వాటిని సరిపుచ్చుట వేరు. ఇతరులు ప్రచురించిన కట్టకు సరిపోవు దొంగ కట్టను సృష్టించుట వేరు. రెండవది ఎంతో కష్టము. అయినను పగులు కనబడిన గోడక్రింద పడుకొనుట తగదు. 2018 సెప్టెంబరులో వెలువడిన 3.4.2 కూర్పు షా-256, షా-512 లకు మారినది. 2020 మార్చి 1 నుండి షా-1 తో నియమములు ప్రచురింపబోమని ప్రకటించిరి. గడువిచ్చి, ముందుగా చెప్పి, చెప్పినట్లు చేయుట ప్రశంసింపదగిన పని. కాని దీనికి మరియొక ముఖము గలదు; అది ముందు వచ్చును.

నియమములే గదా, వాటికింత కాపలా ఎందుకు అను ప్రశ్నకు 2019 డిసెంబరు గట్టి జవాబు చెప్పినది. ఆ నెలలో వెలువడిన 3.4.3 కూర్పుతో ఒక లోపమును బయటపెట్టిరి: దురుద్దేశముతో వ్రాసిన నియమముల ఫైలు సర్వరుచేత ఆజ్ఞలను చడీచప్పుడు లేక అమలు చేయింపగలదు. తరువాతి నెలలోనే 3.4.4 కూర్పు అట్టివే మరి రెంటిని పూడ్చవలసి వచ్చినది. అనగా నియమము కేవలము చదువుకొను జాబితా కాదు. అదియును ఒక విధమైన ప్రోగ్రామే. జల్లెడ కన్ను మార్చుటకు వచ్చినవాడు వంటయిల్లంతయు తిరుగగలడని తేలినప్పుడు వాని గుర్తింపు చీటీని చూడకుండుట పిచ్చితనము. కట్టలో వచ్చిన నియమములు క్రొత్త ఉపాంగములను తగిలింపకుండ, అట్టి పంక్తులను ఎస్ఏ-అప్‌డేట్ తనంతట తాను మూసివేయుట కూడ మంచి జాగ్రత్తయే. సంతకము సరియైనను చేతులు కట్టియే లోనికి రానిచ్చుట యన్నమాట. ఈ పద్ధతిలో మెచ్చదగినవాటిలో ఇది ముఖ్యము. దీనిని గూర్చి చెప్పువారు తక్కువ.

ఇంకొకటి: గణితముగా సరిపోయిన ప్రతి సంతకమును ఎస్ఏ-అప్‌డేట్ అంగీకరింపదు. ఎవరైనను ఒక కీని సృష్టించుకొని, కట్టను మార్చి, తమ కీతో సంతకము చేయవచ్చును. అదియు గణితరీత్యా నిర్దుష్టమే. కావున ‘ఈ కట్టకు ఫలానా కీలు మాత్రమే చెల్లును’ అను చిన్న జాబితా ప్రోగ్రాములో నుండును. సీలు ఉన్నదా యని గాక, సీలు బోర్డువారిదేనా యని చూచుట ఇది.

ఆ మాటకు వచ్చిన, బోర్డు సీలు ఎట్లుండునో మొదట ఎవరు చూపిరి? చిక్కంతయు ఇచ్చట నున్నది. అసలు నియమముల కీ ప్రోగ్రాముతోనే కలసి వచ్చును. ప్రోగ్రామును నమ్మినవాడు కీని నమ్మినట్లే. కాని ఇతరులు ప్రచురించు నియమములను కూడ తెచ్చుకొనువారు ఆ ప్రచురణకర్త కీని తామే తెచ్చి చేర్చుకొని, దాని గుర్తును ఎస్ఏ-అప్‌డేట్‌కు చెప్పవలెను. ఆ గుర్తును ఎనిమిది అంకెలతో చెప్పు అలవాటు ప్రబలినది. వివరణపత్రములోని ఉదాహరణములును అట్టివే. పదహారింటి పద్ధతిలో ఎనిమిది అంకెలనగా సుమారు 429 కోట్ల అవకాశములు. వినుటకు పెద్ద సంఖ్య. కాని 2014 లో ఇద్దరు పరిశోధకులు, కోరిన ఎనిమిది అంకెల గుర్తు గల దొంగ కీని బొమ్మల కార్డు సాయముతో నాలుగు సెకనులలో పుట్టించి చూపిరి. అటువంటి గుర్తును ముద్రించి ‘దీనిని నమ్ముడు’ అని చెప్పుట, సీలును వర్ణింపుమనగా ‘ఎర్రగా నుండును’ అని చెప్పుట వంటిది. నలువది అంకెల పూర్తి వేలిముద్రను ఇచ్చుటకు ఖర్చు లేదు. (ఆ వేలిముద్రయు పాత కీలలో షా-1 తో కట్టినదే యగుట ఒక వినోదము. అయినను వేరొకని వేలిముద్రకు సరిపోవు కీని సృష్టించుట పైన చెప్పిన రెండవ రకపు కష్టము. అది ఇంతవరకు ఎవరికిని సాధ్యము కాలేదు.)

ఇవన్నియు సరిదిద్దుకొనినను అసలు లోపము మిగిలియే యుండును. అది గణితములో లేదు, కాలములో నున్నది. సీలు సరియైన కట్ట నిరుటి ప్రశ్నపత్రముల కట్ట కావచ్చును గదా! సంతకమునకు ‘ఎవరిది’ అని తెలియును, ‘ఎప్పటిది, ఇప్పటికిని చెల్లునా’ అని తెలియదు. పాత సంఖ్య గల కట్టను ఎస్ఏ-అప్‌డేట్ తీసికొనదు, అంతవరకు బాగు. కాని క్రొత్త కట్ట వచ్చినదను కబురే చేరకపోయినచో? ఆ కబురు తెచ్చునది డీఎన్ఎస్. డీఎన్ఎస్ సమాధానములు సంతకముతో రాకున్నను, వచ్చిన సంతకమును సర్వరు చూడకున్నను, దారిలో కూర్చున్నవాడు పాత సంఖ్యనే పదే పదే వినిపింపగలడు. కట్టయే రాదు, కావున పరీక్షింపవలసిన సంతకమును ఉండదు. జల్లెడ తన పాత కన్నులతోనే చూచుచు కూర్చుండును.

ఇది ఊహామాత్రము కాదు. 2008 లో అరిజోనా విశ్వవిద్యాలయమునకు చెందిన జస్టిన్ కాపోస్, ఆయన సహచరులు లినక్సు ప్యాకేజీలను అందించు ఏర్పాటులను పరీక్షించి, సంతకములున్నను వాటిని పాత స్థితిలో స్తంభింపజేయుట సాధ్యమని చూపిరి. కల్పితమైన సంస్థ పేరు, కల్పితమైన నిర్వాహకుని పేరు చెప్పి ఒక సర్వరును అద్దెకు తీసికొని, ప్రసిద్ధములైన లినక్సు పంపిణీలకు ప్రతిబింబ కేంద్రముగా అది అంగీకరింపబడునట్లు కూడ చేసిరి. మోతగాని నమ్మనక్కరలేదను సూత్రము అర్ధసత్యమేనని దానివలన తేలినది. మోతగాడు కట్టను మార్చలేడు. కాని తేకుండ మానగలడు.

2020 మార్చి మాట ఇచ్చట మరల చూడవలెను. 3.4.2 కంటె పాత కూర్పులు నడపుచుండిన సర్వర్లకు ఆనాటినుండి క్రొత్త నియమములు ఆగిపోయినవి. 2017 లో కూడ, నియమములను పరీక్షించి ప్రచురించు ఏర్పాటును తిరిగి నిలబెట్టవలసి వచ్చి, కొన్ని నెలలు క్రొత్త కట్టలు వెలువడలేదు. ఈ రెండును నిజాయితీ గల మౌనములే. కాని సర్వరులో కూర్చున్నవానికి నిజాయితీ గల మౌనమునకును, దొంగ కల్పించిన మౌనమునకును భేదము తెలియు మార్గ మేది? ఎస్ఏ-అప్‌డేట్ పని ముగించి ఒక అంకె చెప్పిపోవును: క్రొత్తవి వచ్చినచో 0, లోపము కలిగినచో 4 లేదా అంతకు మించినది, క్రొత్తవి ఏమియు లేనిచో 1. ఈ 1 అపాయసూచన కాదు. ‘అంతా కులాసా’ అను జాబు వంటిది. మూడు సందర్భములలోను వచ్చునది ఆ 1 యే కావచ్చును.

దీనికి మందు తెలియనిది కాదు. 2010 లో కాపోస్, జస్టిన్ శామ్యూల్, నిక్ మాథ్యూసన్, రోజర్ డింగిల్‌డైన్ ప్రకటించిన పద్ధతిలో, కట్ట సంతకముతోపాటు ‘నేటికి చెల్లునది ఈ కట్టయే’ అని చెప్పు చిన్న చీటీ యొకటి వేరుగా సంతకము చేయబడి, కొద్దిపాటి గడువుతో వచ్చును. మార్పు ఏమియు లేని దినములలోను క్రొత్త చీటీ రావలసినదే. గడువు తీరిన చీటీ తప్ప మరేదియు దొరకనిచో ప్రోగ్రాము ‘కులాసా’ అనదు, కేక వేయును. నియమములు ఇంచుమించు దినదినము మారు స్పామ్ జల్లెడకు ఇట్టి చీటీ ఇతర ప్రోగ్రాములకంటె ఎక్కువ అవసరము. ఎస్ఏ-అప్‌డేట్ ఏర్పాటులో అది లేదు. సారసంఖ్యను షా-1 నుండి షా-512 కు పెంచుటకు పడిన శ్రమలో కొంత దీనికి వెచ్చించియుండిన ఫలము అధికముగా నుండెడిది. ఏలయన షా-1 ద్వారా దొంగ కట్టను చొప్పించుట మహా గణితజ్ఞులకును కష్టమైన పని, డీఎన్ఎస్ సమాధానమును దారిలో అడ్డుట సామాన్యులైన దొంగలకు తెలిసిన పని.

అంతవరకు నిర్వాహకుడు ఆ 1 ని లెక్కపెట్టుకొనవలసి యుండును. వరుసగా ఎన్ని దినములు 1 వచ్చినదో వ్రాసికొని, వారము దాటినచో తన సర్వరునకు సంబంధము లేని వేరొక దారినుండి, వేరొక డీఎన్ఎస్‌ను అదే ప్రశ్న అడిగి, రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన పెట్టి చూచుట నాలుగు పంక్తుల స్క్రిప్టు పని.